బ్రైస్ కాన్యన్ వెళ్తే రాత్రి బస గార్ఫీల్డ్ కౌంటీలోనే చేయండి

లాస్ వేగస్ నుంచి తెల్లవారుజామున బయల్దేరితే ఎర్ర రాతి స్తంభాల నేషనల్ పార్కు బ్రైస్ కాన్యన్ చూసుకుని రాత్రికల్లా తిరిగి వచ్చేయొచ్చని చాలామంది చెబుతారు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. నిజమే, వచ్చేయొచ్చు. నేను మాత్రం ఆ పార్కున్న దక్షిణ యూటాలోని గార్ఫీల్డ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) రెండు రాత్రులైనా ఉండమంటాను. మీ కోసం సగం, ఆ ఊళ్ల కోసం సగం.

ఈ కౌంటీ విస్తీర్ణంలో ఇప్పటి మన అనంతపురం జిల్లా కన్నా పెద్దది. 2020 లెక్కల్లో జనాభా 5,083. భూమిలో నూటికి 90 వంతులకు పైగా ఫెడరల్ ప్రభుత్వానిదే. నేషనల్ పార్కులు, డిక్సీ అడవి, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలోని ఎర్ర నేలలు అన్నీ అందులోకే వస్తాయి. ఆ భూమి మీద కౌంటీ ఆస్తిపన్ను వేయడానికి లేదు. దానికి బదులుగా 1976 చట్టం ప్రకారం వాషింగ్టన్ కొంత సొమ్ము పంపుతుంది, దాన్నే పిల్ట్ అంటారు. ఆ లెక్కలో జనాభాను బట్టి ఒక పరిమితి ఉంది. అందువల్ల భూమి ఎంతున్నా మనుషులు తక్కువున్న చోటికి అంతగా రాదు. మనం తీసుకునే గది మీద పడే పన్ను అక్కడ ఎందుకంత విలువైనదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక బస సంగతి. పిల్లలతో వెళ్తే పార్కు గేటు దగ్గరున్న రూబీస్ ఇన్ సుఖం. తరతరాలుగా ఒకే కుటుంబం నడుపుతోంది. సీజన్‌లో ఉచిత షటిల్ బస్సు అక్కడే ఆగుతుంది. అద్దె మాత్రం వేసవిలో బాగా ఎక్కువ. కౌంటీ కేంద్రమైన పాంగ్విచ్ ఇంకొంచెం దూరం. పాత ఎర్ర ఇటుక ఇళ్లు, చిన్న మోటళ్లు, ఆసుపత్రి ఉన్నాయి. వృద్ధులు వెంట ఉంటే నేను ఇదే ఎంచుకుంటాను.

నా మనసు దోచింది ఎస్కలాంటే అనే చిన్న ఊరు. హైవే 12 మీద బ్రైస్ నుంచి గంట ప్రయాణం. మేం దిగిన చోట తాళాలిచ్చేదీ, దుప్పట్లు మార్చేదీ ఒక్కావిడే. పనివాళ్లు దొరకరా అంటే, దొరికినా వాళ్లు ఉండడానికి ఇళ్లు లేవంది. ఇల్లు కట్టుకోవడానికి సొంత జాగా ఉన్నదే కొంచెం మరి. 1996లో క్లింటన్ ఈ ఊరి చుట్టూ గ్రాండ్ స్టెయిర్‌కేస్ మాన్యుమెంటు (ప్రత్యేక రక్షణ ఉన్న ఫెడరల్ భూమి) ప్రకటించారు, దాంతో అక్కడి కైపరోవిట్స్ పీఠభూమిలో బొగ్గు గని ఆలోచన ఆగింది. 2017లో ట్రంప్ దాన్ని దాదాపు సగానికి తగ్గించారు, 2021లో బైడెన్ మళ్లీ పూర్తిగా నిలబెట్టారు. ఈ మధ్యలో, ఎస్కలాంటే బడిలో పిల్లలు తగ్గిపోతున్నారని 2015లో కౌంటీ ఎమర్జెన్సీయే ప్రకటించింది. తప్పంతా మాన్యుమెంటుదే అనను, ఆ నేల అందరిదిగా ఉండటమే నాకిష్టం. కానీ అందరి ఆస్తికి కాపలా ఖర్చు ఐదు వేల మంది మీద పడటం న్యాయం కాదు. లోయల్లో దారి తప్పిన సందర్శకుణ్ణి వెతకాల్సింది కౌంటీ షెరీఫే. కాబట్టి లోయల్లోకి దిగే ఉద్దేశం ఉంటే యూటా రాష్ట్రం అమ్మే సెర్చ్ అండ్ రెస్క్యూ కార్డు కొనండి, ఆ డబ్బు ఇలాంటి కౌంటీలకే సాయం.

ఎస్కలాంటే దాటాక హైవే 12 పక్కనున్న కాఫ్ క్రీక్ దిగువ జలపాతం ఎత్తు 126 అడుగులు. రానుపోను ఆరు మైళ్లు ఇసుకలో నడక, నీళ్లు దండిగా పట్టుకెళ్లాలి. ఆ రోడ్డులో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. పెట్రోలు, కూరగాయలు పాంగ్విచ్‌లోనే నింపుకోండి. శాకాహారులకు హోటళ్లలో దొరికేది తక్కువ, వంటగది ఉన్న గది మేలు. చలికాలంలో చాలా తలుపులు మూసే ఉంటాయి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తున్నారా? 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేని 16 ఏళ్లు నిండినవారికి బ్రైస్‌లో మనిషికి అదనంగా 100 డాలర్లు. వాళ్లకు వార్షిక పాస్ 250. ఇదీ వాషింగ్టన్ నిర్ణయమే, దాని దెబ్బ తగిలేది మాత్రం ఈ మోటళ్లకి. హైవే 12 మొదట్లో డిక్సీ అడవిలోని రెడ్ కాన్యన్‌కి ప్రవేశ రుసుమే లేదు. అవే ఎర్ర రాతి స్తంభాలు, పక్కనే తారుబాట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ హాయిగా నడవొచ్చు.