దవడ కీలు సమస్య ఉన్నవారు ‘మత్తు ప్యాకేజీ’కి డబ్బు కట్టే ముందు జాగ్రత్త

విజయనగరంలోని ఒక ప్రైవేటు దంత వైద్యశాలలో ‘నొప్పి తెలియకుండా నిద్రలోనే జ్ఞానదంతాలు తీస్తాం’ అన్న ప్యాకేజీకి ముందుగానే డబ్బు కట్టి మా పిన్నిగారు పడిన బాధ మరొకరు పడకూడదని ఇది రాస్తున్నాను. గజపతినగరం నుంచి వెళ్లిన ఆవిడకు ఆవులించినప్పుడల్లా చెవి ముందు టక్కుమనడం, ఒక్కోసారి దవడ జారి తనంతట తానే సర్దుకోవడం చాలాకాలంగా ఉంది. ఆ సంగతి ఆవిడే చెప్పినా ఎవరూ రాసుకోలేదు. ఉదయం ఏమైనా తిన్నారా అని కూడా అడగలేదు. మత్తు ఇచ్చే ముందు సాధారణంగా ఆహారం 6 గంటలు, మంచినీళ్లు 2 గంటలు మానాలి.

మిడజోలం వంటి మత్తుమందు ఇస్తే కండరాలు వదులవుతాయి, దవడ లాగుతోందని రోగి చెప్పలేరు. ఆ స్థితిలో నోటిని చాలాసేపు బాగా తెరిచి ఉంచితే, ముందే వదులుగా ఉన్న కీలు గుంతలోంచి ముందుకు జారిపోవచ్చు. పిన్నిగారికి జరిగింది అదే. తెలివి వచ్చేసరికి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. చొంగ కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ, మాట రాక చెవి దగ్గర వేలు పెట్టి చూపించారు. మత్తు దిగితే అదే సర్దుకుంటుందని చెప్పి ఇంటికి పంపేశారు. చివరికి విశాఖపట్నంలో దవడ శస్త్రవైద్యులు కింది దంతాల మీద బొటనవేళ్లు ఆనించి, కిందికీ వెనక్కీ నొక్కి కీలును కూర్చోబెట్టారు. పన్ను తీసిన పని శుభ్రంగానే ఉందని వారన్నారు కనుక, అందులో నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు మత్తు గురించి. బిల్లులో ‘మత్తు వైద్యుని రుసుము’ అని విడిగా వేశారు. ఆ వైద్యులెవరని అడిగితే పేరు చెప్పలేకపోయారు.

నోరు సరిగా తెరుచుకోనివారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. మత్తులో ఊపిరి మందగిస్తే శ్వాసనాళంలోకి గొట్టం వేయవలసి రావచ్చు. నోరు తెరుచుకోకపోతే దాన్ని ముక్కులోంచి, సన్నని కెమెరా సాయంతో వేయాలి, అందుకు పరికరమూ అనుభవమున్న వైద్యులూ అక్కడే ఉండాలి. పెద్దవారికి సాధారణంగా ముందరి పళ్ల మధ్య 35 నుంచి 50 మిల్లీమీటర్ల సందు వస్తుంది. మీ మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే ఆ మాట ముందే చెప్పి, కేసు షీటులో రాయించండి. మత్తు ఎవరిస్తారు, పన్ను తీసేంతసేపూ వేలికి ఆక్సీమీటరు పెట్టి ఊపిరిని గమనించేది ఎవరు, ఆక్సిజన్ ఉందా అని అడగండి. చాలా జ్ఞానదంతాలను, ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా చేసే లిగ్నోకైన్ సూదితో, మెలకువగా ఉండగానే తీయవచ్చు. మీకు అది ఎందుకు చాలదో కూడా చెప్పమనండి.

మేము కేసు షీటు నకలు కోసం రాతపూర్వకంగా అడిగాము. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువు ఉంటుంది కాబట్టి, ఇలాంటిది జరిగినవారు బిల్లులూ మందుల చీటీలూ పారేయకండి.