15 లీటర్ల గీజర్: నల్లగొండ బోరు నీళ్లకు ఆగుతదా?

2 కిలోవాట్ల స్టోరేజ్ గీజర్ ఇది. 25 డిగ్రీల నీళ్లు 55కు చేరడానికి 16 నిమిషాలు, అర యూనిట్ కరెంటు. చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల వేడిలో సుమారు 30 లీటర్లు వస్తయి, అంటే బకెట్టున్నర. ఇద్దరికి మంచిగ సరిపోతది, నలుగురున్న ఇంటికి చిన్నది.

దీంట్ల మెచ్చుకోవాల్సింది బయటే ఉన్న థర్మోస్టాట్ నాబ్. మన బోరు నీళ్లు కఠినం, అంటే సున్నం ఎక్కువ. వేడి 60 దాటితే సున్నం ఎలిమెంట్ (వేడిచేసే కాయిల్) మీద తొందరగ పేరుకుంటది. ఆ పెచ్చు వేడిని నీళ్లలోకి పోనియ్యదు, ఎలిమెంటే కాలిపోతది. అందుకే నాబ్‌ను 50-55 దగ్గరే ఉంచాలె. ఏడాదికోసారి కరెంటు తీసేసి, ట్యాంకు ఖాళీ చేసి, ఎలిమెంట్‌ను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లల్ల నానబెట్టాలె. ట్యాంకుకు బదులు తానే అరిగిపోయే మెగ్నీషియం కడ్డీని కూడా అప్పుడే చూడాలె. లోపలి తీగ కనబడితే మార్చాల్సిందే, లేకుంటే ట్యాంకు తుప్పు పడతది.

ప్లగ్ వైరు పొట్టిగున్నది, అదొక లోపం. 16 యాంప్స్ సాకెట్, ఎర్తింగ్ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డు అస్సలు వాడొద్దు. ప్రెషర్ వాల్వ్ నుంచి వేడెక్కేటప్పుడు చుక్కలు పడుతయి, దాన్ని మూసెయ్యొద్దు.

ఈ నీళ్లు స్నానానికే. బోరు నీళ్లల్ల ఉండే ఫ్లోరైడ్ కాగబెట్టినా పోదు.