అయిదడుగుల లామినేటర్: నాలుగేళ్ల వాడకం తరువాత

విజయవాడలో మాది సైన్‌బోర్డుల దుకాణం. వినైల్ (వెనుక జిగురున్న ప్లాస్టిక్ షీటు) మీద ప్రింటు తీసి, దానిపై లామినేషన్ (ప్రింటును కాపాడే పారదర్శక ఫిల్ము) వేసి, సన్‌బోర్డుకో (తేలికైన ఫోమ్ పలక), ఏసీపీ షీటుకో (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక), దుకాణపు అద్దానికో, వ్యాను పక్కలకో అంటించి ఇవ్వడం మా రోజువారీ పని. మొదట్లో మా దగ్గర చేత్తో తిప్పే చిన్న కోల్డ్ లామినేటర్ (వేడి లేకుండా రోలర్ల ఒత్తిడితోనే ఫిల్మును అంటించే యంత్రం) ఉండేది. ఒకరు పిడి తిప్పుతుంటే ఇంకొకరు ఫిల్మును పట్టుకుని నిలబడాలి. తిప్పే చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ ప్రింటుకు అడ్డంగా ఒక సన్నని చార పడేది. పని పెరిగాక, నాలుగేళ్ల కిందట, 1600 మిల్లీమీటర్ల వెడల్పు గల మోటారు యంత్రాన్ని కొన్నాము. దీని పైరోలర్ కంప్రెసర్ గాలితో దిగుతుంది, కావాలంటే దాన్ని కొంత వేడి చేసుకోవచ్చు. ఈ తరగతి యంత్రాలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కనుక, తయారీదారు పేరు రాయకుండానే నేను చూసిన మంచిచెడ్డలు చెబుతాను.

ముందుగా వేడి సంగతి. చాలామంది దీన్ని కాగితాలకు వేసే హాట్ లామినేషన్‌తో కలిపి చూస్తారు, కానీ రెండూ వేరు. వినైల్‌పై వేసే ఫిల్ముకు జిగురు ముందే ఉంటుంది, అది ఒత్తిడికే అంటుకుంటుంది. రోలర్ వేడి చేసే పనల్లా ఆ జిగురును కాస్త మెత్తబరిచి, ఇంకు పొరలోని కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లలోకి దించడమే. అలా దిగకపోతే ఆ సందుల్లో గాలి మిగిలిపోయి, నలుపు, ముదురు ఎరుపు, నీలం రంగులపై సన్నని బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. దీన్నే సిల్వరింగ్ అంటారు. పాత యంత్రంతో నల్ల బోర్డు చేసి ఇచ్చిన ప్రతిసారీ నాకు ఆ బూడిదరంగు చూసి మనసు చివుక్కుమనేది. కొత్త యంత్రంలో రోలర్‌ను 40, 45 డిగ్రీల మధ్య ఉంచి నడిపిన మొదటి నల్ల ప్రింటు బయటికి వచ్చినప్పుడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పెట్టి చూశాను. ఎక్కడా మచ్చ లేదు. ఈ ఒక్క కారణానికైనా వేడి సౌకర్యం లేని యంత్రాన్ని నేను మళ్లీ కొనను.

అయితే వేడి ఎంత పెంచితే అంత మంచిదన్న భ్రమలో మొదటి నెలంతా 60 డిగ్రీల దగ్గర నడిపి నష్టపోయాను. ఆ వేడికి పలుచని పీవీసీ ఫిల్ము సాగుతుంది. సాగినది చల్లారాక మళ్లీ దగ్గరకు లాక్కుంటుంది, దానితోపాటే కింది వినైల్ అంచులనూ పైకి లేపుతుంది. ఇప్పుడు డిసెంబరు, జనవరి ఉదయాల్లో మాత్రమే 45 దాకా పోనిస్తాము. రోహిణి కార్తెలో మా షెడ్డు తనంతట తానే కాగిపోతుంది కనుక హీటరు మీట నొక్కే అవసరమే రాదు.

యంత్రం బాగున్నా పని చెడడానికి మా దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా కారణమైనది తొందర. ఎకో సాల్వెంట్ ఇంకుతో (ద్రావకంలో రంగు కలిపిన ఇంకు) తీసిన ప్రింటు చేతికి తడి తగలకపోయినా లోపల ద్రావకం ఇంకా ఆరుతూనే ఉంటుంది. దానిపై వెంటనే ఫిల్ము వేస్తే ఆ ద్రావకం బయటికి పోయే దారి లేక వినైల్‌లోకి, దాని వెనుక జిగురులోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. ఒక దసరాకు ముందు, గవర్నరుపేటలోని ఒక బట్టల దుకాణానికి పన్నెండు అడుగుల ఎర్ర బోర్డు సాయంత్రం ప్రింటు తీసి, అదే రాత్రి లామినేషన్ వేసి, తెల్లారి బిగించాము. వారం తిరగకముందే నాలుగు అంచులూ కొబ్బరిమట్ట ఆకుల్లా చుట్టుకుపోయాయి. మళ్లీ మొత్తం మా ఖర్చుతో చేసి ఇచ్చాము. ఆ యజమాని మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు, కానీ పండుగ మూడు రోజులూ ఆయన దుకాణం ముందు ఆ బోర్డు అలాగే ఉండడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి మామూలు ప్రింటుకు 24 గంటలు, ముదురు రంగులు నిండా పరుచుకున్న ప్రింటుకు 48 గంటలు ఆరనిస్తున్నాము. అదీ రోలును బిగించి చుట్టిపెడితే ఆరదు. వదులుగా విప్పి నిలబెట్టి గాలి ఆడనివ్వాలి. లేటెక్స్, యూవీ ప్రింటర్లు ఉన్నవారికి ఇంత నిరీక్షణ అవసరం లేదు, వారి ఇంకు ప్రింటర్ నుంచి వచ్చేసరికే ఆరి ఉంటుంది.

ఇక ఈ యంత్రంలో నేర్చుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టినది ఒత్తిడి కాదు, బిగువు. ముడతలు వస్తే రోలర్ ఒత్తిడి చాలలేదనుకుని గాలి పెంచుతూ పోయేవాణ్ని. ముడతలు తగ్గకపోగా ఇంకో రకంగా వచ్చేవి. అసలు సంగతి ఫిల్ము రోలును పట్టుకునే ఇరుసు చివర ఉన్న బ్రేకులో ఉంది. ఆ బ్రేకు మరను బాగా బిగిస్తే ఫిల్ము సాగుతూ రోలర్ల మధ్యకు వెళ్లి, తరువాత ముడుచుకుని వినైల్‌ను తనవైపు వంచుతుంది. మరీ వదిలేస్తే ఫిల్ము అలలు అలలుగా దిగి మడత పడుతుంది. సరైన బిగువు ఎక్కడుందో తెలుసుకోవడానికి నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే. లామినేషన్ అయిన ముక్క నుంచి జానెడు చదరం కత్తిరించి, వెనక కాగితం ఊడదీసి, బల్ల మీద అంటించకుండా వదులుగా పరుస్తాను. అది చదునుగా పడి ఉంటే బిగువు సరిపోయినట్టు. అంచులు ఫిల్ము వైపుకు లేస్తే మరను పావుచుట్టు వదులు చేసి మళ్లీ చూస్తాను. రోలు సన్నబడే కొద్దీ అదే బ్రేకు ఎక్కువ బిగువు చూపిస్తుంది కనుక, 50 మీటర్ల రోలులో సగం అయ్యాక ఒకసారి, చివరి పది మీటర్లకు ముందు ఒకసారి దాన్ని సడలించాలి. ఈ చిన్న విషయం యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు.

ఒత్తిడి విషయంలో చూసుకోవలసింది రెండు కొసల సమానత్వం. ఎడమ, మధ్య, కుడి చోట్ల మూడు సన్నని కాగితపు ముక్కలను రోలర్ల మధ్య పెట్టి, పైరోలర్ దించి, ఒక్కొక్కటీ లాగి చూడాలి. మూడూ ఒకే బిగువుతో రావాలి. మా యంత్రంలో పైరోలర్‌ను గాలితో నొక్కే కుడివైపు సిలిండరు రెండో ఏడాదిలో కాస్త బలహీనపడింది. అయిదడుగుల ప్రింటు వేస్తే పొడవు పెరిగే కొద్దీ ఒక పక్కకు జరిగిపోతుండడంతో ఆ లోపం బయటపడింది. సీలు మార్చాక కుదుటపడింది. ఆ సీలు కోసం అమ్మినవారికి ఫోను చేస్తే ఈరోజు, రేపు అంటూ అయిదు వారాలు తిప్పారు. చివరకు ఆటోనగర్‌లో అదే కొలతది దొరికింది. ఇలాంటి యంత్రం కొనేవారు ధర గురించి బేరమాడే ముందు సీలు, బెల్టు, హీటరు సెన్సరు విడిగా ఎంతకు, ఎన్నాళ్లకు దొరుకుతాయో రాయించుకోవాలి.

రోలర్ల మీద సిలికాన్ రబ్బరును కంటిపాపలా చూసుకోవాలి. మూడో ఏడాది ఒక రోజు ప్రతి ప్రింటులోనూ వెంట్రుకంత సన్నని గీత కనిపించడం మొదలైంది. ఫిల్ము చెడ్డదనుకుని రెండు రోళ్లు పక్కన పెట్టాము. తరువాత టేపు పెట్టి కొలిస్తే ఆ గీత సరిగ్గా 41 సెంటీమీటర్లకు ఒకసారి వస్తోంది. మా రోలర్ వ్యాసం 130 మిల్లీమీటర్లు, అంటే దాని చుట్టుకొలత కూడా దాదాపు 41 సెంటీమీటర్లే. దీపం పట్టి వెతికితే, ఎవరో ఫిల్మును రోలర్ మీదే కట్టర్‌తో కోసిన గాటు కనిపించింది. ఆ గాటును పూడ్చే మార్గం లేదు. అది పడని వెడల్పులో చిన్న పనులు చేసుకుంటూ, పెద్ద పనులకు మాత్రం రోలర్‌కు కొత్త రబ్బరు వేయించే వరకు ఆగవలసి వచ్చింది. జిగురు అంటుకున్నచోట మెత్తని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడుస్తాము, థిన్నర్ మాత్రం దరిదాపులకు రానివ్వము. రాత్రి దుకాణం మూసేటప్పుడు పైరోలర్‌ను ఎత్తి వెళ్లాలి. ఒత్తిడిలో వదిలేస్తే ఆనిన చోట రబ్బరు చదునై, తెల్లారి ప్రతి చుట్టుకూ ఒక పట్టీ పడుతుంది. నడుస్తుండగా కరెంటు పోతే కూడా ముందు చేయవలసింది అదే.

వేగం డయలు చాలా దూరం తిరుగుతుంది గానీ మేము నిమిషానికి రెండు మీటర్లు దాటించము. కాలి పెడలు ఉండడం ఒంటరిగా పనిచేసేవారికి పెద్ద ఊరట, రెండు చేతులూ ప్రింటు మీదే ఉంచుకోవచ్చు. ముందువైపు సెన్సరు కన్ను చెయ్యి అడ్డం వస్తే యంత్రాన్ని ఆపుతుంది. పని జోరులో దానిపై టేపు వేసి మూసే అలవాటు కొన్ని దుకాణాల్లో చూశాను, అది చాలా ప్రమాదం. కండువా, చున్నీ, చేతి గడియారం తీసిపెట్టి మాత్రమే యంత్రం దగ్గర నిలబడాలని మా దగ్గర నియమం పెట్టుకున్నాము. కంప్రెసర్ ట్యాంకులో చేరే నీటిని వర్షాకాలంలో రోజూ, మిగతా కాలాల్లో వారానికి ఒకసారి వదులుతాము.

ఎంత మంచి యంత్రమైనా, తగని ఫిల్ము వేస్తే బోర్డును కాపాడలేదు. బల్లపరుపు బోర్డులకు మామూలు క్యాలెండర్డ్ ఫిల్ము (రోలర్ల మధ్య ఒత్తి పలుచన చేసినది) సరిపోతుంది. వ్యాను వంపులకు వేసేది కాస్ట్ వినైల్ (ద్రవంగా పోసి ఆరబెట్టి చేసినది, తక్కువగా ముడుచుకునేది) అయితే పైన వేసే ఫిల్ము కూడా కాస్ట్‌దే కావాలి, లేకపోతే పైది ముడుచుకుని కిందిదాన్ని లాగేస్తుంది. బీసెంట్ రోడ్డులో పడమటి ఎండ నేరుగా తగిలే ఒక బోర్డును ఈ యంత్రం మీదే చేశాము. మూడు వేసవులు గడిచాయి. మొన్న నిచ్చెన వేసుకుని వేలితో తడిమి చూస్తే అంచులు ఇంకా గట్టిగానే ఉన్నాయి, ఎరుపు మాత్రం ఒక వన్నె తగ్గింది.