పెనాంగ్‌లో ఏడో నెల: అమ్మతో నాలుగు రోజులు

చైనా వాళ్ల పంచాంగంలో ఏడో నెల రాగానే పాతాళం తలుపులు తెరుచుకుంటాయని, పోయినవాళ్లు నెల పాటు మన మధ్యే తిరుగుతారని నమ్మకం. మలేషియాలోని పెనాంగ్‌లో హొక్కియెన్ చైనీయులు ఎక్కువ. అక్కడ ఈ నెలంతా ఒక్కో వీధి ఒక్కో రోజున పూజ చేసుకుంటుంది. 2025లో అసలు పండుగ, అంటే పదిహేనో రోజు, సెప్టెంబర్ 6న వచ్చింది. మరో రెండు రోజులకే మన మహాలయ పక్షం మొదలు. "పెద్దల దినాల ముందు ఈ తిరుగుళ్లేంటిరా" అంది అమ్మ. చూడబోయేది కూడా పెద్దల పండుగేనని చెప్పాక తనే బ్యాగు సర్దింది.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం ఉంది. మనకు వీసా అక్కర్లేదు, బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపితే చాలు. అక్కడి నుంచి బటర్‌వర్త్‌కు రైల్లో నాలుగు గంటల పైచిలుకు. రైలు శుభ్రంగా, టైముకు నడిచింది కానీ శాకాహారులకు తినడానికి ఏమీ దొరకలేదు, పులిహోర కట్టుకెళ్లడం మంచిదైంది. బటర్‌వర్త్‌లో దిగి ఫెర్రీ ఎక్కితే ఎదురుగా పెనాంగ్ దీవి మీది జార్జ్‌టౌన్ నగరం.

మూడు రాత్రులు జార్జ్‌టౌన్ పాతబస్తీలో, చులియా వీధికి దగ్గరలో, పాత దుకాణం ఇంటిని మార్చి కట్టిన గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. సెప్టెంబర్ 5 మిలాద్ సెలవు, ఆపై శని, ఆదివారాలు. దాంతో గది రోజుకు 160 రింగిట్లు పడింది, మన డబ్బుల్లో మూడు వేల పైమాటే. గది చల్లగా, బాత్రూమ్ శుభ్రంగా ఉన్నాయి. బుక్ చేసినప్పుడు "ప్రశాంతమైన సందు" అని రాశారు. తీరా వెళ్తే కిటికీ కింద ముప్పై అడుగుల్లో పండుగ స్టేజీ! అర్ధరాత్రి దాకా పాటలు, అగరు పొగ. ముందే చెప్పి ఉండాల్సింది. అమ్మకు దగ్గు మొదలయ్యేసరికి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. అడిగితే వెనకవైపు గదికి మార్చారు, డబ్బులు మాత్రం తగ్గించలేదు. ఉబ్బసం ఉన్నవాళ్లు వీధి వైపు గది అస్సలు తీసుకోకండి.

అయినా పండుగ చూడాలంటే ఉండాల్సింది ఈ పాతబస్తీలోనే. మొదటి సాయంత్రం గడప దాటగానే అమ్మ పాదం పక్కన రోడ్డు వారగా రెండు ఎర్ర కొవ్వొత్తులు, చిలగడదుంపకు గుచ్చిన మూడు అగరుబత్తీలు, ఒక నారింజ, చిన్న గ్లాసులో టీ, ఇంత అన్నం కనిపించాయి. అమ్మ చూసుకోలేదు. ఎదురింటి చైనా ముసలమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టి పక్కకు లాగింది. తర్వాత ఆ అన్నం వైపు తిరిగి చేతులు జోడించి ఏదో గొణిగింది. మా తరఫున క్షమించమని అడిగింది! అమ్మ కూడా దండం పెట్టింది. ఇద్దరికీ భాష రాదు, అవసరమూ పడలేదు.

అలా పెట్టేది ఇంటి పెద్దలకు కాదు. పెద్దలకు ఇంట్లో పెడతారు. రోడ్డు మీద పెట్టేది పెట్టేవాళ్లెవరూ లేనివాళ్లకు. ఈ నెలలో వాళ్లను దయ్యాలు అనరు, "మంచి అన్నదమ్ములు" అంటారు. మన తర్పణాల చివర "యేషాం న మాతా న పితా న బంధుః" అంటూ, తల్లీ తండ్రీ చుట్టమూ లేనివాళ్లకు నీళ్లు వదులుతామే, అదే ఇది. ఈ పండుగ పుట్టుకలోనూ మనతో ఒక చుట్టరికం ఉంది. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఉన్న తల్లికి అన్నం పెడితే అది నోటి దగ్గరే నిప్పుకణికలైపోయిందట. అప్పుడు అతనికి బుద్ధుడు ఈ పదిహేనో రోజునే సన్యాసులకు దానం చెయ్యమన్నాడని బౌద్ధ కథ.

పండుగ రాత్రి వీధి చివర కాగితంతో, వెదురుతో కట్టిన తాయ్ సూ యా విగ్రహం చూశాం. ఉగ్రరూపం, పైన చిన్నగా కరుణాదేవి క్వాన్ యిన్. ఆయన ఆమె రూపమేనట, వచ్చిన ఆత్మలందరికీ అన్నం సమంగా అందేలా చూసే కాపలాదారు. ముందు బియ్యం మూటలు వరుసగా పేర్చారు. పూజయ్యాక వాటిని పంచిపెడతారు. మా వరంగల్ వైపు పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు, పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం కదా, అమ్మ ఆ మూటల దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది. చివర్లో విగ్రహాన్ని కాల్చేస్తారు.

స్టేజీ ముందు మొదటి వరుస కుర్చీలు ఖాళీ. అవి కనిపించని అతిథులవి, పొరపాటున కూడా కూర్చోకండి. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకండి, అది పోయినవాళ్లకు పెట్టే తీరు. రాత్రిపూట ఈల వెయ్యరు, బట్టలు బయట ఆరేయరు, వెనక నుంచి ఎవరైనా పిలిస్తే తిరిగి చూడరు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు, మనకు శూన్యమాసం లాగా. ఫొటో తీసేముందు అడిగితే ఎవరూ కాదనలేదు.

తిండికి ఇబ్బంది లేదు. లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం బాగుంది, రసం మరీ బాగుంది. చైనా శాకాహార హోటళ్లూ ఉన్నాయి, కానీ అక్కడ సోయాతో చేసిన "చేప" చూసి అమ్మ ముట్టలేదు. పాతబస్తీలో తిరగడానికి ఉచిత బస్సు ఉంది, మిగతా చోట్లకు గ్రాబ్ యాప్‌లో కారు. మా డ్రైవర్ తమిళాయన, అమ్మను "అమ్మా" అంటూ గుడి దాకా దిగబెట్టాడు.

నాలుగో రాత్రి బటు ఫెరింగి బీచ్ హోటల్లో పడుకున్నాం. నిద్రకు బాగుంది, పండుగకు దూరం. చీకటి పడేసరికి ఒక చైనా కుటుంబం పిల్లల్ని నీళ్లలోంచి కేకలేసి బయటకు రప్పించింది. ఈ నెలలో నీళ్లలో పోయినవాళ్లు తోడు కోసం లాగుతారని వాళ్ల భయం. అవతలి గట్టున బుకిత్ మెర్తాజమ్‌లో చాలా ఎత్తైన తాయ్ సూ యాను నిలబెడతారు. అది చూడకుండా వచ్చేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ ఏడాది వాళ్ల పాతాళం తలుపులు మూసుకున్నది సెప్టెంబర్ 21న. అదే మన పెత్రమాస. అమ్మ ఎప్పటిలాగే నాన్న పేరున బియ్యం ఇచ్చింది. తర్వాత చాటలో ఇంకో సోలెడు పోసి, "ఇది ఎవరూ లేనోళ్లకు" అంది.

2026లో ఏడో నెల ఆగస్టు 13న మొదలై సెప్టెంబర్ 10 దాకా ఉంటుంది, పదిహేనో రోజు ఆగస్టు 27. వెళ్లేవాళ్లు గది బుక్ చేసే ముందు ఆ వీధిలో పూజ ఏ రోజో ఫోన్ చేసి అడగండి.