ఫాక్లాండ్ శాసనసభ నోట్సు: కొనొచ్చు, ఒక పేజీ దిద్దుకోవాలి

నెల్లూరు ట్రంకురోడ్డు దగ్గర జిరాక్సు షాపులో అమ్మే పోటీ పరీక్షల నోట్సు ఇది. ఫాక్లాండ్ (దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ అధీనంలోని దీవులు) పేజీలో శాసనసభ సభ్యులు 10 మంది అని రాసి వదిలేశారు. బిట్లు పోయేది ఇక్కడే. ఎన్నికయ్యేది 8 మందే: రాజధాని స్టాన్లీ నుంచి 5, దాని బయటి పల్లె ప్రాంతమైన క్యాంప్ నుంచి 3. చీఫ్ ఎగ్జిక్యూటివ్, ఆర్థిక శాఖ అధిపతి సభలో కూర్చుని మాట్లాడతారు, ఓటు మాత్రం ఉండదు. మన పంచాయతీ వార్డులో ఒక్కరికే ఓటేస్తాం. స్టాన్లీ ఓటరు ఐదుగురికీ వేయొచ్చు. 2009 రాజ్యాంగంతో లెజిస్లేటివ్ కౌన్సిల్ కాస్తా అసెంబ్లీ అయింది, నోట్సులో ఇంకా పాత పేరే. మంత్రివర్గం లాంటి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కు, ఎన్నికైన సభ్యులే తమలోంచి ముగ్గురిని ఎన్నుకుంటారన్న పట్టిక మాత్రం శుభ్రంగా ఉంది. స్పైరల్ బైండింగే అడగండి, పిన్ను కొడితే ఆ పట్టిక సగం మడతలోకి పోతుంది.