మాంట్‌గొమరీ మ్యూజియం: పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఒక రోజు పెట్టుకోండి

కర్నూలు నుంచి అమెరికాలో అట్లాంటా వెళ్లిన మాలాంటివాళ్లం గుళ్లూ, మాల్సూ చూసి వచ్చేస్తాం. ఈసారి మావాడు పట్టుబట్టి రెండున్నర గంటలు కారులో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీకి, అక్కడ నల్లవాళ్ల బానిసత్వం చరిత్ర చూపించే లెగసీ మ్యూజియానికి తీసుకెళ్లాడు. టికెట్ 5 డాలర్లే. మ్యూజియం ఉన్న చోట ఒకప్పుడు బానిసలతో పని చేయించిన పత్తి గోదాము ఉండేదట, ఆదోనిలో ఇన్నేళ్లు పత్తి వ్యాపారం చేసిన మా ఆయన అది విని గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపల అరల నిండా సీసాల్లో మట్టి, నల్లవాళ్లను మూకలు చంపిన చోట్ల నుంచి తెచ్చింది, సీసా మీద పేరు, ఊరు, తేదీ. ఒకటి అచ్చం మన నల్లరేగడిలా, పక్కది డోన్ వైపు చేలలా ఎర్రగా. కొన్నిటి మీద పేరు తెలియదనే రాశారు.

అలా మూకల చేతుల్లో చనిపోయినవాళ్ల కోసం 2018లో తెరిచిన స్మారకం విడిగా కొండ మీద ఉంది. 800కి పైగా ఉక్కు దిమ్మెలు. మొదట ఎదురుగా నిలబడి ఉంటాయి, నడిచేకొద్దీ నేల కిందికి దిగి అవి తలమీద వేలాడతాయి, మెడెత్తి చూడాలి. మోకాళ్ల నొప్పులుంటే కష్టమే.

మ్యూజియంలో ఫోటోలు తీయనివ్వరు. ఇంటికొచ్చాక చూపించడానికి ఏమీ లేదు, మా తోడికోడలు మాత్రం మట్టి సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.