ఒసిబిసానా, బ్రదర్‌హుడ్ ఆఫ్ బ్రెత్తా?

ఆఫ్రో-జాజ్ (ఆఫ్రికా సంగీతమూ జాజూ కలిసినది) ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్ళకి నేను చెప్పేవి ఈ రెండే. రెండూ లండన్‌కి వలస వచ్చిన ఆఫ్రికన్లు నడిపిన బ్యాండ్లే. రెండింటి మొదటి ఆల్బమూ 1971లోనే.

ఒసిబిసా: ఘనా నుంచి వచ్చిన టెడ్డీ ఒసెయ్‌ది. అట్ట మీద రెక్కల ఏనుగులు, లోపల హైలైఫ్ (ఘనా డాన్సు సంగీతం), రాక్, డ్రమ్ముల మోత. కష్టపడక్కర్లేదు, కాలు దానంతటదే ఆడుతుంది. చిక్కల్లా, జాజ్ పాలు తక్కువ.

బ్రదర్‌హుడ్: దక్షిణాఫ్రికా పియానిస్టు క్రిస్ మెక్‌గ్రెగర్‌ది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వాయించడమే నేరంలా చూసే దక్షిణాఫ్రికాను 1964లో వదిలేశాడు. ఊరేగింపు బ్యాండులా హాయిగా మొదలై, ఉన్నట్టుండి శాక్సోఫోన్లన్నీ ఒకేసారి అరుచుకుంటాయి. మొదటిసారి తలనొప్పి ఖాయం (నాకైతే వచ్చింది). మూడోసారికి ఆ గోలలోంచి పాట బయటపడుతుంది.

కార్లో, నలుగురితో అయితే ఒసిబిసా. రాత్రి ఒంటరిగా, ఇయర్‌ఫోన్స్‌తో, ఓపికుంటే మెక్‌గ్రెగర్.